పాత కారు డిక్కీకి నీరంటని నేల

పెదకూరపాడు ప్రాంతమున వర్షకాలమనగానే నల్లరేగడి బురద జ్ఞప్తికి వచ్చును. ఈ మట్టి చక్రములకు పట్టిన వదలదు. మడ్‌గార్డుల లోపల పేరుకొని రోజుల తరబడి తడిని నిలుపుకొనును. మిరప, ప్రత్తి పండించు ఈ పల్లెలలో పాత కారు విలాసవస్తువు కాదు. రైతు మిర్చి మచ్చు సంచిని గుంటూరు యార్డుకు దానిలోనే తీసికొనిపోవును. పంచాయతీ పనిమీద మండల కార్యాలయమునకు పోవు సభ్యుడు రికార్డులను దానిలోనే వేసికొనును. 1950వ దశకము చివరనుండి 2014 వరకు ఉత్తరపారా కర్మాగారమున తయారైన అంబాసిడరు కార్లు ఇప్పటికిని అక్కడక్కడ ఇట్టి సేవ చేయుచున్నవి.

గత వర్షకాలమున మేము ఆ ప్రాంతమున పర్యటించుచుండగా ఒక పంచాయతీ సభ్యుడు తన కారు డిక్కీ తెరచి చూపెను. ఇంటిపన్ను రసీదు పుస్తకములు నాని, కాగితములు ఒకదానికొకటి అంటుకొని, సిరా కరగిపోయి యుండెను. వాటి ప్రక్కనే త్రాగునీటి ట్యాంకుకై తెచ్చిన బ్లీచింగు పౌడరు సంచి తడిసి గడ్డకట్టెను. సంచిని తొలగించి చూడగా అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడియున్నది. చిల్లులలోనుండి క్రింది రోడ్డు కనబడుచున్నది. పన్ను చెల్లించిన గృహస్థునకు రసీదే రుజువు. దానిని సరిచూచుటకు పంచాయతీ వద్ద నుండు ప్రతియే ఆధారము. అది చెరిగిన నష్టము కారు యజమానిది మాత్రమే కాదు. అందుచేత ఈ చిన్న మరమ్మతును గూర్చి సభ్యులకు వివరముగా తెలుపదలచితిమి.

చిల్లువలన కలుగు అపాయము

తడిసిన కాగితములకంటె పెద్ద అపాయము మరియొకటి గలదు. కారు నడచునపుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గును. సైలెన్సరు గొట్టమునుండి వెడలిన పొగ ఆ చోటనే సుడి తిరిగి, డిక్కీ చిల్లులగుండా లోనికి ప్రవేశింపగలదు; అటనుండి వెనుక సీటు చాటున మనుషులు కూర్చుండు చోటికి చేరగలదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తమున ప్రాణవాయువు ఉండవలసిన స్థానమును ఆక్రమించును. అద్దములు మూసికొని వానలో ప్రయాణించునపుడు తలనొప్పి, వికారము, మత్తు కలిగినచో అది అలసట అని ఊరకుండరాదు. వెంటనే బండి ఆపి, ఇంజను ఆపి, అందరును బయటి గాలిలోనికి రావలెను.

నీరు వచ్చు దారి కనుగొనుట

నీరు ఎచటనుండి వచ్చుచున్నదో తెలియక నేల వేయుట దండుగ. డిక్కీ ఖాళీచేసి, పూర్తిగా తుడిచి ఆరనీయవలెను. మూత చుట్టునున్న రబ్బరు బీడింగుపై సుద్దముక్క రుద్ది, మూత ఒకసారి మూసి తీయవలెను. రేకు అంచున సుద్ద గుర్తు పడని చోట రబ్బరు ఆనుట లేదని గ్రహింపవలెను.

తరువాత మూత వేసి, పైనుండి వానవలె నీరు పోయించవలెను. ఒకరు వెనుక సీటు తీసి, ఆ ప్రక్కనుండి టార్చిలైటుతో లోపల చూడవలెను. ఎవరినిగాని, ముఖ్యముగా పిల్లలను, డిక్కీలో నుంచి మూత వేయరాదు. సాధారణముగా నీరు నాలుగు చోట్లనుండి వచ్చును: మూత బీడింగు, వెనుక దీపముల క్రింది రబ్బరు, వెనుక అద్దపు రబ్బరు, చక్రముపై రేకు అతుకులు. చెడిన రబ్బరును మార్చవలెను. అతుకులను కార్లకై తయారగు పాలీయురెథేను లప్పముతో మూయవలెను. పులిసిన వాసన వచ్చు సిలికోను రకము రేకుపై వాడరాదు. అది ఆరునపుడు విడుదల చేయు ఆమ్లము ఇనుమును తినును.

రేకును బాగుచేయుట

తుప్పును తీగల బ్రష్షుతోను, ఉప్పుకాగితముతోను గట్టి లోహము కనబడువరకు తీయవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక తడిపి రుద్దవలెను. ముక్కుకు, నోటికి మంచి మాస్కు ధరింపవలెను. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినపుడు దిగబడు రేకు పనికిరాదు. దానిని కత్తిరించి క్రొత్త ముక్క అతికింపవలెను.

ఇది టింకరింగు పనివారిచేతనే చేయింపవలెను. అనేక పాత కార్లలో పెట్రోలు ట్యాంకు డిక్కీ అడుగుననో, దాని సమీపముననో ఉండును. ట్యాంకును, గొట్టములను తీయకుండ అచట వెల్డింగు చేయించుట నిప్పుతో చెలగాటము. బ్యాటరీ తీగలు కూడ ముందుగా విప్పవలెను. అతుకు పూర్తియైన పిదప తుప్పునిరోధక ప్రైమరు, దానిపై రెండు పూతలు రంగు, క్రిందివైపు బురద తగులు చోట అండర్‌కోటు వేయింపవలెను. కంపెనీవారు నీరు పోవుటకై ఉంచిన రంధ్రములను మూయరాదు. వాటి రబ్బరు బిరడాలు మాత్రము సరిగా నుండవలెను.

నేల తయారుచేయుట

పలకకు మెరైన్ ప్లైవుడ్ శ్రేష్ఠము. దానిపై ఐ.ఎస్. 710 అను ముద్ర ఉండును. ఐ.ఎస్. 303 ముద్ర గలది సాధారణ ఉపయోగమునకు చేసినది. నిత్యము తడి తగులు చోటికి అది తగదు. 12 మిల్లీమీటర్ల మందము చాలును.

మొదట పాత అట్టముక్కలను అతికించి డిక్కీ ఆకారము తీయవలెను. దానిని పలకపై ఉంచి గీచి, అన్ని వైపుల సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గించి వడ్రంగిచే కోయింపవలెను. పలక రేకును ఒరసికొనిన రంగు లేచి తుప్పు మరల ఆరంభించును. అవసరమగు రంధ్రములన్నియు పూత వేయుటకు ముందే తొలువవలెను.

ప్లైవుడ్ ముఖముకంటె అంచుననే ఎక్కువ నీరు పీల్చును. చెట్టు బ్రతికియున్నప్పుడు నీరు ప్రాకిన సన్నని గొట్టములు అచట నోళ్లు తెరచుకొని యుండుటయే అందుకు కారణము. కావున ఎపాక్సీ పూత రెండు ముఖములకు రెండుసార్లు, అంచులకును రంధ్రముల లోపలకును మూడుసార్లు వేయవలెను. డబ్బాపై వ్రాసిన వ్యవధి ప్రకారము ఒక్కొక్క పూత ఆరనీయవలెను.

పలకను రేకుపై నేరుగా పరుపరాదు. అడుగున రబ్బరు పట్టీలను మధ్య మధ్య ఖాళీలు విడిచి అంటించినచో క్రింద గాలి ఆడును. చేరిన నీరు రంధ్రములవైపు పోవును. బిగించుటకు ముందునుండి ఉన్న బోల్టు రంధ్రములనే వాడవలెను. క్రింద ట్యాంకు ఎచట నున్నదో చూడక క్రొత్త రంధ్రము తొలువరాదు. చేతితో త్రిప్పగల రెక్కల నట్లు అమర్చినచో పలకను ఎప్పుడైనను తీసి చూడవచ్చును. పైన ఒక రబ్బరు చాప పరచిన పని పూర్తియగును.

చేయగూడనివి

కొందరు చిల్లులపై సిమెంటు పోయుదురు. రేకు కదలికకు సిమెంటు బీటవారును. ఆ బీటలలో నీరు చేరి, కంటికి కానరాకుండ రేకును తినును. కొందరు తుప్పుపైననే తారు పూయుదురు. తారు క్రింద తుప్పు ఆగదు, దాగును. గోనెపట్టా, తివాచీ పరచుట కూడ మంచిది కాదు. అవి తడిని పీల్చి రేకుకు అంటించి ఉంచును.

బ్లీచింగు పౌడరు విషయమున ప్రత్యేక జాగ్రత్త వలెను. తడి తగిలిన అది క్లోరిను వాయువును విడుచును. ఆ వాయువు రేకును తినును, ఊపిరికిని హానికరము. దానిని బిగువైన మూతగల ప్లాస్టికు డబ్బాలోనే తేవలెను. పెట్రోలు, నూనెలు, పురుగు మందులతో కలిపి ఒకే చోట ఎన్నడును ఉంచరాదు.

ఎప్పుడు చేయవలెను?

రోహిణీ కార్తెలో ఈ పని చేయుట అనుకూలము. గాలి పొడిగా నుండి పూతలు చక్కగా ఆరును. అయితే మధ్యాహ్నపుటెండలో కాలిన రేకుపై రంగు పూయరాదు. ఉదయపు వేళ, నీడపట్టున పూయవలెను. మృగశిర ప్రవేశించుటకు ముందే మరల నీరు పోసి పరీక్షింపవలెను. వర్షకాలమున నెలకొకసారి పలక ఎత్తి అడుగు తుడువవలెను. మడ్‌గార్డుల లోపలి రేగడి బురదను ఎండి గట్టిపడకముందే కడుగవలెను.

సొంత కారు పదునైదేండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషను పొడిగింపునకు తనిఖీకి వెళ్లవలసియుండును. బలమైన అడుగు రేకు అప్పుడును ఉపకరించును. ఎంత మంచి నేల వేసినను పంచాయతీ పుస్తకములను మాత్రము మూతగల పెట్టెలోనే ఉంచి తీసికొనిపోవలెనని, పని ముగియగానే వాటిని కార్యాలయపు బీరువాకు చేర్చవలెనని సభ్యులకు మా మనవి.