విని ఊరకుండువారు

పరనింద చేయువానిని గూర్చి మన పెద్దలు చాల చెప్పిరి. దానిని విని ఊరకుండువానిని గూర్చి మనము అంతగా తలపోయము. ఈ పాఠము అతనిని గూర్చినది.

దృష్టాంతము మన కోనసీమయందే కలదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చుటకు మే 18న ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన వెలువరించి, అభ్యంతరములకు 30 దినముల గడువొసగెను. అర్జీ వ్రాసికొను మార్గము తెరచియే యుండగా, మే 24న అమలాపురములో మంత్రి పినిపే విశ్వరూప్, శాసనసభ్యులు పొన్నాడ సతీశ్ కుమార్ గార్ల యిండ్లకు నిప్పు పెట్టిరి. బస్సులు కాలినవి. పోలీసులు గాయపడిరి. వాట్సాప్ గ్రూపుల ద్వారా జనమును కూడగట్టిరని పోలీసులు తెలిపిరి. జిల్లాలో అంతర్జాల సేవలు పలుదినములు నిలిచిపోయినవి. ఆ యేడు ఆగస్టులో ఆ పేరే ఖాయమైనది.

ఇట్టి గ్రూపులలో మాట ఎట్లు బలియునో చూడుడు. రెండువందల మందిలో ఒకడు ఒక కులమును దూషించి వ్రాయును. ఐదుగురు మెచ్చుకొందురు. తక్కినవారికి అది రుచింపకున్నను, తోటివారితో తగవెందుకని మిన్నకుందురు. వ్రాసినవాడు ఆ మౌనమును అంగీకారముగా లెక్కించుకొనును. మిన్నకున్న ప్రతివాడును తానొక్కడే వేరుగ తలచుచున్నానని భ్రమపడును. ఆ కులమువాడు గ్రూపులోనే యున్నచో అతనిని ఎక్కువ నొప్పించునది ఐదుగురి మెప్పు కాదు, తక్కినవారి మౌనము.

తిట్టునకు తిట్టు బదులీయరాదు. “బాబాయిగారూ, ఈ మాట నాకు నచ్చలేదండి” అను ఒక్క పంక్తి చాలును. దానిని చూచి మరొకరికి ధైర్యము కలుగును. అందరి యెదుట వ్రాయ వెరపైనచో విడిగా ఫోను చేయవచ్చును. దూషింపబడినవానిని పలుకరించుట మాత్రము మానరాదు. నా దృష్టిలో ఇదియే ముఖ్యము. “ఎంత దారుణమో చూడుడు” అని ఆ సందేశమును నలుగురికి పంపుటయు ప్రచారమే. ఇక గ్రూపు నిర్వాహకుని సంగతి. సభ్యుడు వ్రాసినదానికి నిర్వాహకుడు కేవలము నిర్వాహకుడైనందున నేరస్థుడు కాడని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పినది. చట్టము విడిచినంతనే మర్యాద విడుచునా?

2018లో పిల్లలనెత్తుకుపోవు ముఠాల వదంతి వ్యాపించినపుడు, గద్వాల ప్రాంతమున ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూర పంపి, పాటలతో జనులకు నచ్చజెప్పించిరి. ఆ బోధ వదంతి పుట్టించినవానికి కాదు, విన్నవారికి.

మన బడులలో వ్యాకరణపు తరగతియందే ఈ విద్య నేర్పవచ్చును. “అందరును చెప్పుచున్నారు” అను వాక్యమునకు కర్త యెవరు? వ్యాకరణమునకు “అందరు” కర్తయే. ఆ అందరిలో ఒక్కరి పేరు చెప్పుమన్నచో పిల్లలు నవ్వుదురు. ఎప్పుడు చెప్పిరి, ఎచ్చట చెప్పిరి అనునవి తరువాతి ప్రశ్నలు. ఆ సాయంత్రమే ఇంటికి పోయి, తండ్రి ఫోనులోని సందేశమునకు కర్త యెవరని అడుగుదురు.