బంగారుతీగ: కొత్తగా గాలం పట్టిన మనవడికి



బంగారుతీగను మూతి చూసి గుర్తుపట్టాలి. రంగును నమ్ముకుంటే మోసపోక తప్పదు. ఒక చెరువులో నల్లగా కనబడే చేప ఇంకో చెరువులో పసుపు పచ్చగా మెరుస్తుంది. పై పెదవి మీద రెండు పొట్టి మీసాలు, నోటి మూలల్లో వాటికంటే పొడుగైనవి మరో రెండు ఉంటాయి. పొలుసుల చేపకు ఈ నాలుగు మీసాలతో పాటు పొడవాటి వీపు రెక్క కూడా ఉంటే అది బంగారుతీగే. ఆ రెక్క వీపు నడుమ మొదలై తోక దగ్గర దాకా సాగుతుంది. దాని మొదట్లో వెనక అంచున రంపపు పళ్లున్న గట్టి ముల్లు ఉంటుంది.

అదే చెరువులో, అదే అడుగున మేసే మృగాలతో (కొన్నిచోట్ల ఎర్రమోసు అంటారు) దీన్ని పొరబడే వాళ్లున్నారు. మృగాల సన్నగా, వెండి రంగులో ఉంటుంది. వీపు రెక్క పొట్టిది, మీసాలు చిన్నవి. బొచ్చెకు అసలు మీసాలే ఉండవు, నోరు పైకి తిరిగి ఉంటుంది. పొలుసులు మాత్రం సాక్ష్యానికి పనికిరావు. బంగారుతీగలోనే ఒంటి నిండా పొలుసులున్న రకం ఉంది, అక్కడక్కడ పెద్ద పొలుసులు అతికించినట్టుండే అద్దపు రకమూ ఉంది.

ఇది మన నదుల్లో పుట్టిన చేప కాదు. అద్దపు రకం 1939లో సిలోను నుంచి నీలగిరులకు వచ్చింది. చెరువుల్లో బాగా పెరిగే ఆసియా రకం 1957లో బ్యాంకాక్ నుంచి కటక్ చేరింది. రోహు, బొచ్చె గుడ్లు పెట్టాలంటే వరద నీటి పారుదల కావాలి. బంగారుతీగ నిలవ నీటిలోనే నాచుకూ కలుపు మొక్కలకూ జిగురు గుడ్లు అంటిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, జూలై, ఆగస్టుల్లో మరోసారి గుడ్లు ఎక్కువగా పెడుతుంది. ఆ రోజుల్లో పొట్ట ఉబ్బి ఉన్న ఆడచేప గాలానికి పడితే నీటిలోకి వదిలేయడమే మంచిది.

పట్టే పద్ధతంతా అది తినే తీరును బట్టే ఉంటుంది. దాని మూతి గొట్టంలా కిందికి సాగుతుంది. బురదను నోటి నిండా పీల్చి, అందులోని పురుగులు, నత్తలు, గింజలు ఏరుకుని, మిగతాది ఉమ్మేస్తుంది. దవడలకు పళ్లు లేవు. గొంతులో మాత్రం నత్త గుల్లను నలగ్గొట్టే దంతాలున్నాయి. కడుపు అంటూ వేరే సంచీ లేదు కాబట్టి ఒక్కసారిగా మింగి ఊరుకోదు, కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. అందుకే గట్టు మీద నుంచే దాని జాడ తెలుస్తుంది. తెల్లవారుజామున నీటి మీద సన్నని బుడగల గుంపు లేచి, కాసేపటికి మూరెడు పక్కన మళ్లీ లేచి, అలా జరుగుతూ పోతుంటే కింద చేప బురద తవ్వుతోందన్నమాట. బుడగలు ఒకే చోట ఆగి ఆగి వస్తుంటే అది అడుగున కుళ్లిన ఆకుల గాలి.

ఎర అడుగున ఆనాలి, మధ్యనీటిలో వేలాడకూడదు. ముందు సీసపు గుండుతో లోతు కొలిచి, దానికి తగ్గట్టు బెండు జరపాలి. గోధుమపిండిలో తవుడో వేరుశనగ చెక్కో కలిపి గట్టిగా పిసికిన ఉండ చాలు. లేదంటే వానపాము. అదే చోట రెండు మూడు రోజుల ముందు నుంచీ గుప్పెడు ముద్ద వేస్తుంటే చేప మేతకు అలవాటు పడుతుంది. గట్టు మీద కాళ్లు దభదభలాడించకూడదు. గాలితిత్తి నుంచి చెవికి చిన్న ఎముకల వరస ఉన్న చేప ఇది, అదురు ఇట్టే పసిగడుతుంది.

కొత్తవాళ్లు చేపను పోగొట్టుకునేది తొందర వల్లే. బెండు వణకగానే కర్ర ఎత్తేస్తారు. అప్పటికి చేప ఉండను పీల్చి, ఉమ్మి, రుచి చూస్తూ ఉంటుంది. బెండు పక్కకు నడవడం మొదలుపెట్టినప్పుడో, నీటి మీద వాలి పడుకున్నప్పుడో గుంజాలి. బెండు వాలిందంటే చేప ఎరతో పాటు గుండును కూడా అడుగు నుంచి పైకి లేపిందని అర్థం. తగిలాక అది కలుపులోకి దూసుకెళ్తుంది. దారం బిగపట్టి ఉంచుతూ, అవసరమైతే కొంచెం వదులుతూ చేపను అలసిపోయేలా చేయాలి. వీపు ముల్లు దారాన్నీ అరచేతినీ కోసేయగలదు, అందుకే ఒడ్డుకు వచ్చాక చేతివలతోనే ఎత్తాలి.

చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటే వాళ్ల అనుమతి లేకుండా గాలం వేయకూడదు.

పట్టిన చేపను కోసేటప్పుడు కాలేయం దగ్గర ఆకుపచ్చగా ఉండే పిత్తాశయాన్ని చిట్లకుండా తీసి పారేయాలి. చిట్లితే కూర చేదవుతుంది. మందుగా పనిచేస్తుందని దాన్ని పచ్చిగా మింగేవాళ్లున్నారు. కానీ ఈ జాతి చేపల పైత్యరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఆశీస్సులతో,
తాతయ్య