చెత్తను పరీక్షించు కాంతి

మన పాలకుర్తిలో ఇంటింటి చెత్తను గొనిపోవు ట్రాక్టరును ఎరుగని బాలుడు లేడు. 2019వ సంవత్సరమున పల్లెప్రగతి కార్యక్రమము మొదలైన పిదప గ్రామ పంచాయతులకు ఇట్టి బండ్లు సమకూడినవి. ఆ బండిలోని చెత్తలో ఏది మరల వస్తువగును? ఏది ఇంధనమగును? దీనిని తెలిసికొను విధమును గూర్చి కొంచెము వ్రాయుచున్నాము.

మేము ఎనిమిదవ తరగతి బాలబాలికలతో గూడి యొక చిన్న పరీక్ష చేసితిమి. బడి ఆవరణములో ఏరిన చెత్తపై అయస్కాంతమును త్రిప్పగా మేకులును, సోడా సీసా మూతలును అంటుకొనెను. ప్లాస్టిక్కు ముక్కలను నీళ్ల తొట్టిలో వేయగా పాల సంచి ముక్కలు తేలెను. మంచినీళ్ల సీసా ముక్కలు మునిగెను. అంతట నొక బాలిక పాత నీటిగొట్టపు ముక్కను వేసెను. అదియు మునిగెను. “అయ్యగారూ, రెండును మునిగినవి గదా, వీనిని వేఱుచేయుట యెట్లు?” అని యామె యడిగెను.

ఇది తగిన ప్రశ్న. సీసా పెట్ అను ప్లాస్టిక్కు; గొట్టము పీవీసీ. రెండును నీటికంటె బరువైనవే. కాని శుద్ధమైన పీవీసీలో నూటికి 57 పాళ్లు క్లోరిను గలదు. అది కాలినచో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు వాయువు పుట్టును. డయాక్సినులను విషములును పుట్టవచ్చును. కావున అది ఇంధనములో కలియరాదు.

నీరు చెప్పలేని భేదమును కాంతి చెప్పును. 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱని కాంతికి ఆవల కంటికి కానరాని కిరణములు గలవని ఉష్ణమాపకముతో కనుగొనెను. ఇవియే పరారుణ కిరణములు. ఒక్కొక్క పదార్థము వీనిలో కొన్నింటిని మ్రింగి, కొన్నింటిని త్రిప్పి పంపును. చెత్తను వేఱుచేయు కర్మాగారములలో, కదలు పట్టీపై పోవు ముక్కలమీద ఈ కిరణములను ప్రసరింపజేయుదురు. తిరిగివచ్చిన కాంతిని సెన్సరు అను యంత్రనేత్రము పరీక్షించి, ఇది పెట్, ఇది పీవీసీ, ఇది కాగితము అని నిర్ణయించును. వెంటనే గాలి వడిగా వీచి ఆ ముక్కను దాని తొట్టిలోనికి నెట్టును. అయినను బొగ్గుమసి కలిపిన నల్ల ప్లాస్టిక్కు కాంతిని మ్రింగివేయును గనుక, సాధారణముగా ఈ నేత్రమునకు అది చిక్కదు.

హైదరాబాదు చెంతనున్న జవహర్‌నగరులో చెత్తనుండి 19.8 మెగావాట్ల విద్యుత్తును తీయు కర్మాగారము 2020వ సంవత్సరమున మొదలయ్యెను. ఇట్టి ఇంధనమునకు తడియే శత్రువు. ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చుటకు సుమారు 600 కిలో కేలరీల వేడి వ్యయమగును. మరల వాడరాని చెత్త కిలోకు 1500 కిలో కేలరీలు ఇచ్చునదైనచో, దానిని పాతిపెట్టక ఇంధనముగా వాడవలెనని 2016వ సంవత్సరపు నిబంధనలు విధించెను. పులుసులో నానిన కాగితము ఆ మేరను ఎట్లందుకొనును? అది మరల కాగితమగుటకును పనికిరాదు. యంత్రము తడిని కనిపెట్టగలదే గాని, చెడినదానిని బాగుచేయలేదు.

మేమును పూర్వము ఎండుటాకులతోపాటు ప్లాస్టిక్కును బడి వెనుక కాల్పించితిమి. ఆ పొగను పీల్చినవారు మా బిడ్డలే. ఆ బాలిక ప్రశ్నతో మా తప్పు మాకు తెలిసెను. ఆ పని మానితిమి. తలిదండ్రులారా, మీ యింట తడి చెత్తకొక బుట్టయు పొడి చెత్తకొక బుట్టయు ఉంచుడు. చెత్తను చేతులతో ఏరి పొట్టపోసికొను వారికిని అది గొప్ప మేలు. యంత్రనేత్రము మన యూరికి ఎప్పుడు వచ్చినను, మన కన్నులు నేడే యున్నవి.