జీన్సే నీ ఒంటికి సరిపోవాలి

తెనాలి

చిరంజీవి శ్రావణికి,

  

మొన్న ఫోన్లో నీ కొత్త జీన్సు గురించి చెప్పావు. తొడల దగ్గర పట్టేస్తోంది, నడుము వెనకేమో చెయ్యి దూరేంత వదులు, ఆఫీసులో సాయంత్రం అయ్యేసరికి తొడ పక్కన తిమ్మిరి అన్నావు. చివర్లో "నా ఒళ్లే అలాంటిది పెద్దమ్మా, కాస్త బరువు తగ్గాలి" అని ఫోను పెట్టేశావు. ఆ మాట నాకు నచ్చలేదు తల్లీ. అందుకే ఈ ఉత్తరం.

ఇన్నేళ్లుగా మిషన్ మీద కూర్చుని ఎంతోమంది కొలతలు తీశాను. ఒకే నడుము కొలత ఉన్న ఇద్దరికి సీటు కొలత ఒకేలా ఉండటం అరుదు. కంపెనీవాళ్లు మాత్రం ఒక నమూనా ఒంటికి ప్యాంటు కత్తిరించి, అదే లెక్కన పెంచుతూ, తగ్గిస్తూ సైజులన్నీ తయారుచేస్తారు. నడుముకీ సీటుకీ మధ్య వాళ్లు పెట్టుకున్న తేడా కంటే నీకు తేడా కాస్త ఎక్కువ. జరిగింది అంతే. ఇందులో నీ ఒంటి తప్పేమీ లేదు.

అసలు ఈ జీన్సు పుట్టిందే ఒక దర్జీ చేతిలో. అమెరికాలో రీనో అనే ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కూలిపని చేసే తన భర్తకి చిరగని ప్యాంటు కావాలని ఒకావిడ అడిగితే, జేబుల మూలల్లో, బరువు పడే చోట్ల రాగి రివెట్లు కొట్టి ఇచ్చాడు. తర్వాత తనకి బట్ట అమ్మే లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తీసుకున్నాడు. వేసుకునే మనిషి ఇబ్బంది విని, దానికి తగ్గట్టు మార్చిన ప్యాంటు ఇది. నువ్వు మార్చుకోవడానికి సందేహించాల్సిన పనే లేదు.

ముందు ఆ తిమ్మిరి సంగతి. తుంటి ముందు భాగం నుంచి తొడ బయటి వైపుకి ఒక నరం దిగుతుంది. నడుము దగ్గరో తుంటి దగ్గరో బట్ట బిగిసి ఉంటే ఆ నరం నొక్కుకుని తొడ పక్కన చిమచిమలు, మంట, తిమ్మిరి వస్తాయి. ఆ ప్యాంటు వేసుకోవడం మానెయ్. మానేశాక కూడా తగ్గకపోతే డాక్టరుకి చూపించు, నాన్చకు.

ఇక కొనడం. ఒంట్లో ఏ చోట కొలత ఎక్కువో ఆ చోటుకి సరిపోయేది కొనుక్కో, మిగతా చోట్ల తగ్గించుకో. నీకైతే తొడలకీ సీటుకీ హాయిగా ఉన్న సైజు తీసుకుని నడుము తగ్గించాలి. నువ్వు చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెడీమేడ్ జీన్సులో లోపల వదిలే బట్ట సాధారణంగా అర అంగుళానికి మించి ఉండదు. అందుకని తొడల దగ్గర వదులు చేయడం దాదాపు కుదరదు. చేసినా పాత కుట్టు గీత ముదురు నీలంగా బయటికి కనిపిస్తుంది. బిల్లు ఉంది కదా, ఆ కొత్తది పెద్ద సైజుకి మార్చుకో.

మార్చేటప్పుడు షాపులో నిలబడి అద్దం చూసుకుంటే చాలదు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చో, ముందుకి వంగు. వెనక బెల్టు, అదే ప్యాంటు నడుము పట్టీ, బాగా కిందికి జారిపోతే ఆ ప్యాంటుకి సీటు ఎత్తు, అంటే కాళ్ల మధ్య కుట్టు నుంచి నడుము దాకా ఉండే బట్ట, చాలలేదని అర్థం. నడుము తగ్గించవచ్చు, కాలు సన్నం చేయవచ్చు, పొడవు కత్తిరించవచ్చు గానీ సీటు ఎత్తు పెంచడం ఇంట్లో అయ్యే పని కాదు. అలాంటిది ఎంత ముద్దొచ్చినా అక్కడే వదిలేసి రా.

ఇంటికి తెచ్చాక వెంటనే కత్తెర పట్టుకోకు. రెండుసార్లు ఉతికి ఆరెయ్యి. నూలు బట్ట మొదటి ఉతుకుల్లో కుదించుకుపోతుంది, ముఖ్యంగా పొడవులో. ఉతక్కుండా కత్తిరించిన ప్యాంటు నెల తిరిగేసరికి చీలమండ పైకి ఎక్కి కూర్చుంటుంది.

మీ అమ్మ ఇచ్చిన మిషన్ నీ గదిలోనే ఉంది కదా. సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లినప్పుడు కుట్టు విప్పే కత్తి, చాక్, జీన్సు సూదులు తెచ్చుకో. మందం బట్టకి 16 నంబరు సూది, సాగే బట్ట అయితే 14 నంబరు. జాకెట్లు కుట్టే సన్న సూదితో జీన్సు కుడితే అది విరిగి కంటి మీదికి ఎగరొచ్చు. రంగు కలిసే తేనె రంగు లావు దారం పైకి, మామూలు దారం బాబిన్‌కి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల పైన పెట్టుకో.

నడుము తగ్గించడం వివరంగా చెప్తాను, ఇది నీకు జీవితమంతా పనికొస్తుంది. భోజనం చేశాక ప్యాంటు వేసుకో. వెనక మధ్యలో ఎక్కువున్న బట్టని పట్టుకుని పిన్నీసు పెట్టు, కూర్చుని చూడు. కూర్చున్నప్పుడు పట్టేస్తే కాస్త వదులు. మొత్తం అంగుళంన్నర కంటే ఎక్కువ తీయకు, తీస్తే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి వికారంగా ఉంటుంది.

ఇప్పుడు ప్యాంటు విప్పి, చాక్‌తో గుర్తు పెట్టుకుని, వెనక మధ్య ఉన్న లూపు ఊడదీయి. బెల్టుని మధ్య నుంచి అటు మూడు, ఇటు మూడు అంగుళాలు విప్పు. సీటు కుట్టు పై నుంచి ఐదారు అంగుళాలు విప్పు. లాగొద్దు, ఒక్కొక్క కుట్టూ కోసుకుంటూ వెళ్లు, లాగితే బట్ట పోగులు తెగుతాయి. తిరగేసి ముందు చేత్తో కచ్చా కుట్టు వెయ్యి. పైన ఎక్కువ తీసి, కిందికి వచ్చేకొద్దీ సన్నగిల్లుతూ పాత కుట్టులో కలిసిపోవాలి. అక్కడ మూల తిరిగితే వేసుకున్నప్పుడు బుడిపెలా పొడుచుకొస్తుంది. ఒకసారి వేసుకుని చూసి, అప్పుడు మిషన్ కుట్టు. మిగిలిన బట్ట అర అంగుళం ఉంచి కత్తిరించి, అంచు జిగ్‌జాగ్ కొట్టి, ఇస్త్రీ చేసి, పైనుంచి మొదట ఉన్నట్టే రెండు వరుసలు వెయ్యి. బెల్టుని మధ్యలో కత్తిరించి, తీసినంత మేరకు తగ్గించి అతికి, మళ్లీ ప్యాంటుకి కుట్టు. అతుకు మీద లూపు కుడితే అతికినట్టే తెలియదు.

కుట్లు ఒకదాని మీద ఒకటి పడే చోట మిషన్ ముందుకి కదలదు. అక్కడ బట్టని చిన్న సుత్తితో తట్టి పల్చబరిచి, మిషన్ పాదం వెనక మడత బట్ట ముక్క పెట్టి ఎత్తు సమం చేసుకో. చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే దాటించు. రివెట్ల మీదికీ జిప్పు పళ్ల మీదికీ సూదిని అసలు పోనివ్వకు.

ఇంత పని ఇప్పుడే వద్దనిపిస్తే ఎలాస్టిక్ దారి ఉంది. బెల్టు లోపలి వైపు రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, అంగుళం వెడల్పు ఎలాస్టిక్‌ని పిన్నీసుతో వెనక గుండా దూర్చు. ఒక చివర కుట్టేసి, వేసుకుని, నడుముకి ఆనేంత లాగి, రెండో చివర కుట్టు. నెలలో కొన్ని రోజులు పొట్ట ఉబ్బరంగా ఉండేవాళ్లకి నిజానికి ఇదే సుఖం.

నీ పాత జీన్సు కాళ్ల దగ్గర బాగుంది, గుండీ పెట్టుకోవడమే కష్టం అన్నావు. అలాంటిదానికి రెండు పక్కలా ముక్కోణం పట్టీలు వెయ్యాలి. బెల్టుతో సహా పక్క కుట్టు తుంటి దాకా విప్పి, మరో పాత జీన్సు కాలి నుంచి కోసిన ముక్క అతకాలి. పైన రెండు అంగుళాల వెడల్పు కోస్తే, కుట్టుకి పోగా అంగుళం మిగులుతుంది. రెండు పక్కలా కలిపి నడుము రెండు అంగుళాలు పెరుగుతుంది. రంగు అచ్చంగా కలవకపోతే కలవనీ, ముదురు రంగు పట్టీ కావాలనే వేసినట్టు అందంగా ఉంటుంది. అక్కడ ముందు జేబు సంచీ అడ్డొస్తుంది, దాన్ని కలిపి కుట్టేయకుండా పక్కకి పిన్ను పెట్టుకోవాలి.

పొడవు తగ్గించేటప్పుడు కంపెనీ అంచు పోగొట్టుకోకు. ఆ అరిగిన అంచులోనే జీన్సు అందం ఉంది. రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి కొలువు. నాలుగు అంగుళాలు తగ్గాలంటే, అంచు కుట్టుకీ మడతకీ మధ్య రెండు అంగుళాలు వచ్చేలా పైకి మడిచి, అంచు పక్కనే ఆనించి కుట్టు. లోపల మిగిలింది కత్తిరించి, జిగ్‌జాగ్ కొట్టి, ఇస్త్రీ చేసెయ్యి.

జిప్పు దగ్గర పని, తొడల మధ్య అరిగిన చోటు, ఇవి మాత్రం ఇప్పుడే ముట్టుకోకు. మంచి దర్జీకి ఇవ్వు, అతను అడిగిన డబ్బులు బేరమాడకుండా ఇవ్వు. కుట్టినది విప్పి సరిచేయడానికి చాలా సేపు పడుతుంది. అద్దం ముందు నువ్వు చూసే నిమిషం వెనక అతని మధ్యాహ్నం అంతా ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, మనసులో పెట్టుకో. తినడం, నడవడం, వ్యాయామం నీ ఆరోగ్యం కోసం చెయ్యి, తప్పకుండా చెయ్యి. ఒక ప్యాంటులో పట్టడం కోసం మాత్రం కడుపు మాడ్చుకోకు. లేబుల్ మీద నంబరు ఒక కంపెనీలో ఒకలా, ఇంకో కంపెనీలో ఇంకోలా ఉంటుంది. ఆ నంబరుతో నిన్ను నువ్వు తూచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. గుండీ పెట్టుకుని హాయిగా ఊపిరి తీసుకోగలగాలి, బస్సు మెట్లు ఎక్కగలగాలి, కింద కూర్చుని అన్నం తినగలగాలి. ఆ మూడూ కుదిరితేనే అది నీ బట్ట.

ఈ ఆదివారం ఎలాస్టిక్‌తో మొదలుపెట్టు. నడుము, సీటు, తొడ కొలతలు కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి తీసి నాకు పంపించు. పట్టీలు వెయ్యాల్సిన పాత జీన్సు సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చుకో. ఒక పక్క నేను వేసి చూపిస్తాను, రెండో పక్క నువ్వు వేద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ