ఫలితమునకై వేచియుండుట

అమెరికా విశ్వవిద్యాలయములలో ప్రజావిధాన శాస్త్రము నభ్యసింపగోరువారు సాధారణముగా డిసెంబరు, జనవరి మాసములలో దరఖాస్తులు పంపుదురు. వారిలో తెలుగు యువతీయువకులును గలరు. నిర్ణయములు పెక్కు మార్చి ప్రాంతమున వెలువడును. నిరీక్షణ జాబితాలో నున్నవారి యెదురుచూపు అప్పటికిని ముగియదు.

ఈ నడిమి కాలమున మనస్సు నిలువదు. ఉత్తరము వచ్చెనేమోయని మాటిమాటికి చూచుట, ఇతరుల భాగ్యముతో తన్ను పోల్చుకొనుట, పంపిన వ్యాసమున తప్పులు వెదకుట సహజము. కాని వీనిలో నేదియు నిర్ణయమును మార్పజాలదు. ప్రయత్నము తనది, అది ముగిసినది. తీర్పు పరులది. ఈ భేదము నెఱుగుటయే శాంతికి మొదటి మెట్టు.

ప్రజాహితము కోరువానికి ఈ ఓర్పు మఱింత యవసరము. మద్రాసు రాష్ట్రమున కామరాజు ప్రభుత్వము 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజన పథకమును ప్రారంభించెను. దేశవ్యాప్త పథకము 1995లో గాని రాలేదు. అప్పుడును పలుచోట్ల ధాన్యమే పంచిరి. వండిన యన్నమే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించెను. కామరాజు 1975లోనే గతించెను. అయినను ఆయన నాటిన విత్తు వ్యర్థము కాలేదు.

ఇట్టి కార్యమునకు పూనుకొనువాడు మూడు మాసములు నెమ్మదిగా నుండ నేర్వవలదా? ఆ దినములలో సమీపమునగల బడికి పోయి, అచటి వంట యెట్లు సాగుచున్నదో, ఏ బిడ్డ యేల రాకున్నదో కనుగొనవచ్చును. ప్రవేశము లభించినను లభింపకున్నను ఆ జ్ఞానము తనకు దక్కును. వేచియుండుట యనగా ఊరకుండుట కాదు. చేతిలోనున్న పనిని విడువకుండుట.