ఎవరి సొమ్ముతో తీరుస్తాడో అడుగు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పెదనాన్నకు మోకాళ్ళ నొప్పి మామూలే. మొన్న మీ అమ్మ వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. పప్పు ఏరుతూ ఏరుతూ మాటల మధ్యలో, "గాజులు తాకట్టు పెడితే బ్యాంకులో ఎంతిస్తారక్కా?" అంది. ఎందుకని నేను అడగలేదు, అది చెప్పలేదు. ఆ రాత్రే నీ మెసేజీ వచ్చింది.

నువ్వు పంపిన ప్రకటన రెండుసార్లు చదివాను. సగం అప్పు మాఫీ అట, నెలకొక్కటే కిస్తీ అట, రికవరీ కాల్స్ వాళ్ళకొదిలేసి నువ్వు నిద్రపోవచ్చట. "నమ్మొచ్చా పెద్దమ్మా?" అన్నావు. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతావు. ఇరవై ఏళ్ళు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నదాన్ని, కాగితం మీద పెడితేనే నాకూ తృప్తి.

ముందు నీ లెక్క చూద్దాం. మొదటి కార్డు మీద 1,40,000, రెండో కార్డు మీద 90,000, యాప్ లోను 70,000. వెరసి మూడు లక్షలు. కార్డుల వడ్డీ నెలకు మూడున్నర శాతం. శాతం అంటే నీకు చిన్నగా వినిపిస్తుంది. మన బజారు భాషలో అది మూడున్నర రూపాయల వడ్డీ. ఇక్కడ ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటేనే "మునిగాడు పాపం" అనుకుంటాం. 2015లో విజయవాడలో కాల్‌మనీ గొడవ బయటపడినప్పుడు పేపరు చదివి, "ఇంతింత వడ్డీలకు ఎవరు తీసుకుంటారు పెద్దమ్మా?" అని అడిగినవాడివి నువ్వే.

కార్డులకు నెలకు 8,050 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,449. యాప్ లోను రెండున్నర రూపాయల లెక్కన 1,750. అన్నీ కలిపితే 11,249. ఇది ఒక్క నెల వడ్డీరా. అసల్లో ఒక్క రూపాయి తగ్గలేదు. నువ్వు మినిమమ్ డ్యూ కడుతూ కడుతున్నాననుకుంటున్నావు గానీ, బాకీ కూర్చున్న చోటే కూర్చుంది.

అందుకని అప్పులన్నీ ఒకచోటికి తేవాలన్న నీ ఆలోచనలో తప్పు లేదు. అయితే ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు వ్యాపారాలు నడుస్తున్నాయి. మొదటిదాంట్లో బ్యాంకు గానీ, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీ గానీ తక్కువ వడ్డీకి కొత్త అప్పిచ్చి పాతవి మూయిస్తుంది. ఇది అసలైన కన్సాలిడేషన్. రెండోది నువ్వు పంపిన ప్రకటన లాంటిది. వాళ్ళు అప్పివ్వరు. ముందు నీ దగ్గర ఫీజు తీసుకుంటారు. కిస్తీలు ఆపెయ్యమంటారు. నెలనెలా వాళ్ళు చెప్పిన చోట డబ్బు దాచమంటారు. నువ్వు ఎగవేతదారు అయ్యాక, బ్యాంకు విసిగి ఎంతో కొంతకు ఒప్పుకుంటుందని ఎదురుచూస్తారు. ఒప్పుకుంటే అందులోనూ వాళ్ళకు వాటా. ఒప్పుకోకపోతే ఈలోగా పెరిగిన వడ్డీ, పెనాల్టీ, లాయరు నోటీసు నీకు.

ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "నా అప్పు ఎవరి సొమ్ముతో తీరుస్తావయ్యా?"

ఈ ప్రశ్న నాకు బ్యాంకు నేర్పలేదు. పెదనాన్న ప్రెస్సు పెట్టిన కొత్తల్లో, నాకింకా ఉద్యోగం రాని రోజుల్లో, మూడు చోట్ల బాకీ పడ్డాం. కాగితం కొట్టువాడికి అరువు, పాడిన చీటీకి వాయిదాలు, వడ్డీకి ఇచ్చిన ఒకాయనకు ప్రోనోటు. ఆ సమయంలో ఒక పెద్దమనిషి వచ్చాడు. మూడూ తను చూసుకుంటాడట, మేము నెలకొకసారి తనకొక్కడికే కడితే చాలట. ఖర్చులకని ముందు మూడు వేలు తీసుకున్నాడు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు మీద, మొత్తం రాయని ప్రోనోటు మీద, పెదనాన్న చేత సంతకం పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండానే కాగితం కొట్టువాడికి వెయ్యి ముట్టింది. "చూశావా, మాట మీద నిలబడ్డాడు" అని మురిసిపోయాం. ఆ వెయ్యి మా మూడు వేలల్లోదేనని తెలియడానికి రెండు నెలలు పట్టింది. అప్పటికి మనిషి ఊళ్ళో లేడు, ప్రోనోటు ఇంకొకరి చేతిలో ఉంది. ఆ ఖాళీ గడిలో ఎంత రాసుకున్నారో నీకు చెప్పను, ఇప్పటికీ పెదనాన్న ముందు ఆ అంకె ఎత్తను.

ఆరోజు అడగలేకపోయిన ప్రశ్న ఇప్పుడు నీకిస్తున్నాను. నీ ప్రకటన కంపెనీని అడుగు. నీ అప్పు నీ సొమ్ముతోనే తీరుస్తారని తేలుతుంది. దానికి మధ్యలో ఇంకొకడెందుకు? ఉద్యోగం పోయి, జబ్బు చేసి నిజంగా కట్టలేని స్థితి వస్తే మనిషి నేరుగా బ్యాంకుకే వెళ్ళి సెటిల్‌మెంట్ మాట్లాడుకోవచ్చు, దానికి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. నీకా స్థితి లేదు. జీతం వస్తోంది. పైగా సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" అని రాదు, "సెటిల్డ్" అని పడుతుంది. ఆ మాట ఏళ్ళ తరబడి ఉంటుంది. లోను సీట్లో ఆ మాట కనబడగానే నా పెన్ను ఆగేది. రేపు నువ్వు ఇంటి లోనుకు వెళ్తే ఇంకొకరి పెన్ను ఆగుతుంది.

"మాకు ఆర్‌బీఐ ఆమోదం ఉంది" అని వాళ్ళు అంటే ఇంకా జాగ్రత్తపడు. అప్పులు సెటిల్ చేయించే కంపెనీలకని రిజర్వు బ్యాంకు ఇచ్చే లైసెన్సు ఏదీ లేదు. పైగా రుణమాఫీ సర్టిఫికెట్లు ఇప్పిస్తామని ఫీజులు గుంజేవాళ్ళను, బాకీలు కట్టక్కర్లేదని చెప్పేవాళ్ళను నమ్మొద్దని 2023 డిసెంబరులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

సరే, అసలైన కన్సాలిడేషన్‌కే వెళ్ళావనుకో. అక్కడా కళ్ళు మూసుకుని సంతకం పెట్టకు. బ్యాంకు మూడు లక్షలు 14 శాతానికి ఇచ్చిందనుకుందాం. మూడేళ్ళకైతే కిస్తీ సుమారు 10,250. ఇప్పుడు నువ్వు వడ్డీకే పోస్తున్నదానికన్నా తక్కువ, మూడేళ్ళకు బాకీ మొత్తం తీరిపోతుంది. వడ్డీ కింద పోయేది 69,000 దాకా. అదే ఐదేళ్ళకు పెట్టుకుంటే కిస్తీ 6,980కి దిగుతుంది, వడ్డీ మాత్రం 1,18,000 దాటుతుంది. ఏజెంటు నీకు చూపించేది ఈ 6,980నే. నువ్వు చూడాల్సింది రెండో అంకె.

ఇంకో మెలిక ఉంది. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతమైతే 6,000, దాని మీద జీఎస్టీ 1,080. నీ చేతికొచ్చేది 2,92,920. మూడు లక్షల బాకీకి ఏడువేలు తక్కువ. ఆ ఏడువేలు ముందే పక్కన పెట్టుకో. లేకపోతే ఒక కార్డులో ఆ కాస్త తోక మిగిలి, ఏడాది తిరిగేసరికి మళ్ళీ పాము అవుతుంది.

ఈ ఫీజులన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ ఎంతో ఒకే కాగితంలో చూపించాలి. దాన్ని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి లోన్లన్నిటికీ ఇవ్వాల్సిందే. నీకు అర్థమయ్యే భాషలో ఇవ్వమని అడిగే హక్కు నీకుంది. అందులో రాయని చార్జీని నీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వేయకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా ఎంతో కూడా అడుగు. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవే కాబట్టి ఆ జరిమానా ఉండే అవకాశం ఉంది. బోనస్ వచ్చిన నెల అది గుర్తొస్తుంది.

డబ్బు దారి గమనించు. అప్పు సొమ్ము నీ ఖాతాలోకి రావాలి, లేదా నేరుగా పాత అప్పిచ్చిన బ్యాంకుకు వెళ్ళాలి. మధ్యవాడి ఖాతాలో ఒక్క పూట కూడా ఆగకూడదు. మధ్యవాడికి కమీషను బ్యాంకు ఇస్తుంది, నువ్వు కాదు. యాప్ ద్వారా అయితే వెనకున్న కంపెనీ పేరేమిటో అడిగి, రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఆ కంపెనీ, ఆ యాప్ ఉన్నాయో లేదో చూడు. ఫోనులో కాంటాక్టులు, ఫొటోలు చూడనివ్వమని అడిగే యాప్‌ను అక్కడికక్కడే తీసెయ్. డిజిటల్ లోను తీసుకున్నాక మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కిచ్చేయడానికి కనీసం ఒకరోజు గడువుంటుంది, అదీ గుర్తుంచుకో.

రేపు సోమవారం చేయాల్సింది మూడే పనులు. ఒకటి, సిబిల్ రిపోర్టు తీయి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. నువ్వు మర్చిపోయిన బాకీ ఏదన్నా ఉంటే అందులో కనబడుతుంది. రెండు, జీతం పడే బ్యాంకుకు వెళ్ళి పర్సనల్ లోను ఎంతకిస్తారో అడుగు. కార్డు కంపెనీలనూ బాకీని ఈఎంఐలుగా మార్చమని అడుగు, చాలాసార్లు సగం వడ్డీకే మారుస్తారు. మూడు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కిస్తీ కాదు, మొత్తం కట్టేదెంతో చూసుకో.

పాత బాకీలు మూసిన రోజునే నో డ్యూస్ సర్టిఫికెట్లు తీసుకో. రెండో కార్డు రద్దు చెయ్. లోను సీట్లో నేను చూసిన కన్నీళ్ళలో సగం ఇక్కడివే. అప్పంతా లోనుకు మారుతుంది, ఖాళీ అయిన కార్డు జేబులో చల్లగా ఉంటుంది, ఆరు నెలలకు రెండూ నిండి ఉంటాయి. అప్పు తీరలేదురా, చోటు మారిందంతే.

ఈలోగా రికవరీ వాళ్ళు ఫోన్ చేస్తే భయపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వాళ్ళు ఫోన్ చేయకూడదు. బూతులు మాట్లాడితే తేదీ, టైము రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎలా వెళ్ళాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు.

అమ్మకు నేను ఫోన్ చేసి గాజులు ప్రస్తుతానికి అవసరం లేదన్నాను. నీ సంగతి నాకు తెలుసని అనలేదు. నువ్వే చెప్పు. ఆ రాత్రి పప్పు రెండుసార్లు ఏరింది, రాళ్ళన్నీ పళ్ళెంలోనే ఉన్నాయి.

ఏ కాగితమైనా సంతకానికి ముందు ఫొటో తీసి నాకు పంపు. రాత్రి పదకొండైనా సరే, పెదనాన్నకు కాపడం పెడుతూ మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ