మజిలీ మజిలీకి
(వ్యాసం)

పాఠ్యాంశ పరిచయం

సైకిలు మనకు కొత్త కాదు. బడికి, సంతకు, పొలానికి, మిల్లు పనికి సైకిలుపై వెళ్ళేవారిని రోజూ చూస్తూనే ఉంటాం. తమిళనాడు ప్రభుత్వం పదకొండవ తరగతి విద్యార్థులకు ఉచితంగా సైకిళ్ళు ఇస్తున్నది. అదే సైకిలుపై ఒక్క రోజులో రెండు వందల కిలోమీటర్లు వెళ్ళడం సాధ్యమేనా? అందుకు బలం కావాలా, ఓర్పు కావాలా? సుదూర సైకిల్ యాత్రకు మొదటిసారి సిద్ధమయ్యేవారు తెలుసుకోవలసిన విషయాలు ఈ పాఠంలో ఉన్నాయి.

పాఠం

పూర్వం కాలినడకన కాశీకి వెళ్ళే యాత్రికులు దారిని మజిలీలుగా విభజించుకొనేవారు. కొంత దూరం నడిచి, చేరిన చోట వండుకొని తిని, విశ్రమించి, మరునాడు మళ్ళీ బయలుదేరేవారు. అలా ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ చెప్పుకొన్నట్లుగా మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ రచించారు. కాశీ ఎంత దూరమో తలచుకొంటే అడుగు ముందుకు పడదు. సాయంత్రానికి చేరవలసిన మజిలీని తలచుకొంటే దానంతటదే పడుతుంది.

ఈ సంగతి తమిళనాడులోని తెలుగువారికి కొత్తది కాదు. విజయనగర రాజుల కాలంలోను, మదురై నాయక రాజుల కాలంలోను ఎన్నో తెలుగు కుటుంబాలు ఉత్తరం నుండి వచ్చి మదురై సీమలోను, కోయంబత్తూరు నల్లరేగడి నేలలలోను స్థిరపడ్డాయి. 1689లో మనుమని తరఫున మదురై రాజ్యపాలన చేపట్టిన రాణి మంగమ్మ బాటలు వేయించింది. బాటకిరువైపుల చెట్లు నాటించింది. బాటసారులకు సత్రాలు కట్టించింది. మదురై రైలు స్టేషనుకు ఎదురుగా ఆమె పేరిట సత్రం నేటికీ ఉన్నది. దూర ప్రయాణానికి నీడ, నీరు, విశ్రాంతి ఎంత అవసరమో ఆమెకు తెలుసు. కాలం మారినా, వాహనం మారినా ఆ అవసరం మారలేదు.

బ్రెవే అంటే ఏమిటి?

సైకిలుపై సుదూర ప్రయాణాలు చేసేవారి కోసం నేడు అనేక దేశాలలో ‘బ్రెవే’ అనే కార్యక్రమాలు జరుగుతున్నాయి. బ్రెవే ఫ్రెంచి మాట. యోగ్యతాపత్రం అని దాని అర్థం. 1904లో పారిస్ నగరంలో ఏర్పడిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే సంస్థ వీటికి నియమాలు ఏర్పరచింది. మన దేశంలోనూ ఆ నియమాల ప్రకారమే ఇవి జరుగుతున్నాయి. ఇది పెద్దవారు పాల్గొనే కార్యక్రమం.

బ్రెవే పందెం కాదు. ఇందులో మొదటి బహుమతి, రెండవ బహుమతి అంటూ ఉండవు. గడువులోపల దూరం పూర్తి చేసినవారందరూ సమానమే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. తినే సమయం, నిద్రపోయే సమయం, పంక్చరు వేసుకొనే సమయం అన్నీ ఇందులోనే కలిసి ఉంటాయి. దారిలో తనిఖీ కేంద్రాలు ఉంటాయి. ప్రతి కేంద్రానికి ఒక గడువు ఉంటుంది. అక్కడ ప్రయాణికుని కార్డుపై ముద్ర వేస్తారు. కేంద్రానికి, కేంద్రానికి మధ్య వెనుక కారులో వచ్చి సాయం చేయడానికి వీలులేదు. తనకు కావలసినది తానే మోసుకొని వెళ్ళాలి. తన సైకిలును తానే బాగుచేసుకోవాలి.

ఇటువంటి యాత్రలలో మిక్కిలి పేరు పొందినది పారిస్–బ్రెస్ట్–పారిస్. ఇది మొదట 1891లో పందెంగా జరిగింది. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ దారిని ఛార్లెస్ టెరాంట్ అనే ఫ్రెంచివాడు మూడు రోజులలోపే పూర్తి చేసి గెలిచాడు. నేడు అది నాలుగేళ్ళకొకసారి జరుగుతున్నది. గడువు 90 గంటలు. అందులో పాల్గొనదలచినవారు అదే సంవత్సరం 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు పూర్తి చేసి ఉండాలి. అంటే 1,200 కిలోమీటర్ల యాత్రకు కూడా మొదటి మెట్టు 200 కిలోమీటర్లే.

కోయంబత్తూరు నుండి మదురైకి

ఆ మొదటి మెట్టు ఎంత ఉంటుందో తెలియడానికి మనకు తెలిసిన దారినే ఉదాహరణగా తీసుకొందాం. కోయంబత్తూరు నుండి పొల్లాచ్చి సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుండి ఉడుమలపేట మీదుగా పళని 60 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పళని నుండి ఒట్టన్‌ఛత్రం మీదుగా దిండిగల్ సుమారు 60, అక్కడి నుండి మదురై సుమారు 65 కిలోమీటర్లు. ఒట్టన్‌ఛత్రం అనే పేరులోనే ఛత్రం ఉండడం గమనించదగినది. మొత్తం చూస్తే గుండె జారుతుంది. విడదీసి చూస్తే నాలుగు మజిలీలు.

ఈ దారిలో పొల్లాచ్చి–పళని భాగానికి ఒక చరిత్ర ఉన్నది. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒకే ఒక్క బస్సుతో ఈ రెండు ఊళ్ళ మధ్య ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టారు. తరువాతి కాలంలో అది పెద్ద బస్సు సంస్థ అయింది. 1937లో మన దేశంలో విద్యుత్ మోటారు తయారుచేసినవారిలో ఆయన ఒకరు. పెద్ద పని చిన్న మొదలుతోనే సాగుతుందనడానికి ఈ బాటే సాక్షి.

వేగమా? నిలకడా?

ఇద్దరు ప్రయాణికులను ఊహించుకొందాం. ఇద్దరూ 200 కిలోమీటర్ల యాత్రకు బయలుదేరారు. మొదటివాడు ఉత్సాహంతో తొలి 80 కిలోమీటర్లను మూడు గంటలలో దాటాడు. చూసినవారు భళా అన్నారు. కాని అతని శక్తి అక్కడే అడుగంటింది. మిగిలిన 120 కిలోమీటర్లకు గంటకు 12 కిలోమీటర్ల చొప్పున పది గంటలు పట్టింది. దారిలో ఆగినది ఒక గంట. మొత్తం 14 గంటలు. గడువు దాటిపోయింది.

రెండవవాడు మొదటి నుండి గంటకు 20 కిలోమీటర్లు మించలేదు. తొక్కడానికి పది గంటలు, ఆగడానికి రెండున్నర గంటలు పట్టాయి. పన్నెండున్నర గంటలకు గమ్యం చేరాడు. మధ్యాహ్నం తృప్తిగా భోజనం చేసి, చెట్టు నీడన కాళ్ళు చాపుకొని కూర్చున్నవాడు కూడా ఇతడే! బయలుదేరిన మొదటి గంటలో పక్కవానితో హాయిగా మాటలాడగలిగినంత వేగమే సరైన వేగమని అనుభవజ్ఞులు చెబుతారు.

పన్నెండు వారాల సాధన

ఇటువంటి నిలకడ ఒక్క రోజులో రాదు. రోజూ కొద్దిదూరం హాయిగా తొక్కే అలవాటు ఉన్నవారు పన్నెండు వారాలలో 200 కిలోమీటర్లకు సిద్ధం కావచ్చు. వారంలో రెండు మూడు రోజులు గంటసేపు, ఆదివారం ఒక దూర ప్రయాణం చేయాలి. ఆదివారపు దూరాన్ని ఇలా పెంచుకోవచ్చు.

మొదటి మూడు వారాలు: 40, 50, 60 కి.మీ.
నాలుగవ వారం: 45 కి.మీ.
ఐదు నుండి ఏడు వారాలు: 70, 80, 95 కి.మీ.
ఎనిమిదవ వారం: 70 కి.మీ.
తొమ్మిది, పది వారాలు: 110, 125 కి.మీ.
పదకొండవ వారం: 80 కి.మీ.
పన్నెండవ వారం: విశ్రాంతి, చివరి రోజున యాత్ర.

నాలుగవ వారంలోను, ఎనిమిదవ వారంలోను దూరం ఎందుకు తగ్గింది? సాధన చేసేటప్పుడు కండరాలు అలసిపోతాయి. విశ్రాంతి తీసుకొనేటప్పుడే అవి బలపడతాయి. విశ్రాంతి లేని సాధన ఎరువు వేసి నీరు పెట్టని సేద్యం వంటిది.

సైకిలును సిద్ధం చేయడం

ఖరీదైన సైకిలు ఉంటేనే యాత్ర సాగుతుందనుకోవడం పొరపాటు. తొక్కేవాని ఒడ్డూ పొడుగుకు తగిన సైకిలు కావాలి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తును సరిచేసుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే గంటల తరబడి తొక్కేసరికి మోకాళ్ళు నొప్పి పెడతాయి. బ్రేకులు, చైను, టైర్లు ముందుగానే పరీక్షించుకోవాలి. రెండు ట్యూబులు, గాలి పంపు, టైరు విప్పే లివర్లు, పంక్చరు అతుకులు, జిగురు వెంట ఉండాలి. ఇవి ఉంటే చాలదు. వాడడం రావాలి. ఇంటి ముంగిట పదిసార్లు చక్రం విప్పి బిగించినవాడు చీకటి దారిలో కంగారు పడడు. తలకు హెల్మెట్, సైకిలుకు ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, ఒంటిపై వెలుతురు పడగానే మెరిసే చొక్కా తప్పనిసరి.

అన్నపానాలు

మన కండరాలలోను, కాలేయంలోను నిలువ ఉండే పిండిపదార్థపు శక్తి గట్టిగా తొక్కితే రెండు గంటలకే చాలావరకు ఖర్చవుతుంది. ఆకలి వేసిన తరువాత తింటే ఆలస్యమైనట్లే. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా కొద్దికొద్దిగా తింటూ ఉండాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఇడ్లీ, అరటిపండు, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి వంటివి మన దారిలో ఊరూరా దొరుకుతాయి. ఎప్పుడూ తినని పదార్థాన్ని యాత్ర రోజున తినరాదు.

ఎండలో గంటకు అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు నీరు అవసరం కావచ్చు. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. అందుచేత ఉప్పు కలిపిన మజ్జిగ మేలు. దాహం లేకపోయినా వట్టి నీరు అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పుశాతం తగ్గి ప్రాణాపాయం కలుగవచ్చు.

గాలి నేర్పే పాఠం

కోయంబత్తూరుకు పడమర పశ్చిమ కనుమల మధ్య పాలక్కాడు కనుమ ఉన్నది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలి దాని గుండా తోసుకువచ్చి పొల్లాచ్చి, ఉడుమలపేట ప్రాంతాలపై బలంగా వీస్తుంది. అక్కడ వరుసగా కనిపించే గాలిమరలు ఆ గాలి బలానికి గుర్తులు. తూర్పుగా వెళ్ళేవానిని ఆ గాలి వీపు తట్టి పంపుతుంది. సైకిలు దానంతటదే పరుగెత్తుతున్నట్లుంటుంది. అది తన బలమేనని పొంగిపోయినవాడు తిరుగు ప్రయాణంలో కష్టపడతాడు. అదే గాలి ఎదురై నిలుస్తుంది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అప్పుడు నడుము వంచి, వేగం తగ్గించుకొని, గడియారం వంక కాక తరువాతి మజిలీ వంక చూస్తూ సాగాలి. గాలితో పోట్లాడేవాడు అలసిపోతాడు. ఒదిగి తొక్కేవాడు చేరుకొంటాడు.

ఆగడం కూడా తెలియాలి

1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు యువకులు సైకిళ్ళపై ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఎండవానలకు, ఎడారులకు ఓర్చి 1928లో యాత్ర ముగించుకొని తిరిగి వచ్చినవారు ముగ్గురు. వారు ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా. సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగిన ఆ ముగ్గురి పట్టుదల మెచ్చదగినది. మధ్యలో ఆగిన ముగ్గురినీ పిరికివారని అనడానికి వీలులేదు.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎండలో మాట తడబడడం వంటివి కనిపిస్తే వెంటనే ఆగి నీడకు చేరాలి. తోటివారిని పిలవాలి. 108కి ఫోను చేయాలి. నిద్ర ముంచుకొస్తుంటే లారీలు తిరిగే రహదారిపై ఒక్క కిలోమీటరు కూడా తొక్కరాదు. యాత్ర మళ్ళీ వస్తుంది. ప్రాణం మళ్ళీ రాదు. తోటి ప్రయాణికుడు అలాంటి స్థితిలో ఉంటే తన గడువు పోయినా సరే ఆగి ఆదుకోవడం ప్రతివారి ధర్మం.

సత్రం కట్టించిన రాణి మంగమ్మ బాటసారులను త్వరగా వెళ్ళమనలేదు. ఆగి, సేదతీరి, క్షేమంగా వెళ్ళే ఏర్పాటు చేసింది. దూరాన్ని మజిలీలుగా విడదీసుకొని, శక్తిని పొదుపుగా వాడుకొని, ఆగవలసిన చోట ఆగినవారికే దూరపు దారి దగ్గరవుతుంది. చదువుకైనా, సేద్యానికైనా, సైకిలు యాత్రకైనా ఇదే సూత్రం.

కొత్త పదాలు – అర్థాలు

మజిలీ = ప్రయాణంలో విడిది చేసే చోటు
బాటసారి = దారిన పోయేవాడు
సత్రం = ప్రయాణికులకు ఉచితంగా వసతి కల్పించే ఇల్లు
అడుగంటు = పూర్తిగా తరిగిపోవు
నిరోధం = అడ్డు
కనుమ = కొండల మధ్య దారి

ప్రశ్నలు

అ) ఒక్క వాక్యంలో జవాబు రాయండి.
1. బ్రెవే అనే మాటకు అర్థం ఏమిటి?
2. జి.డి. నాయుడు 1920లో ఏయే ఊళ్ళ మధ్య బస్సు నడిపారు?
3. 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు ఎంత?

ఆ) ఐదారు వాక్యాలలో జవాబు రాయండి.
1. ఇద్దరు ప్రయాణికులలో మొదటివాడు గడువులోపల ఎందుకు చేరలేకపోయాడు?
2. పాలక్కాడు కనుమ గాలి సైకిలు ప్రయాణికునికి ఏమి నేర్పుతుంది?
3. ‘ఆగడం కూడా తెలియాలి’ అనే మాటను సమర్థించండి.

ఇ) విడదీసి సంధి పేరు రాయండి.
బాటకిరువైపుల, దానంతటదే, ప్రాణాపాయం

ఈ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.
అన్నపానాలు, ఎండవానలు, మూడు రోజులు

ఉ) చేయండి.
మీ ఊరి నుండి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరికి సైకిలుపై వెళ్ళడానికి మజిలీలు, కాలం, ఆహారం చూపే పట్టిక తయారుచేయండి. దారిలో పాత సత్రాలు, చలివేంద్రాలు ఏవైనా ఉన్నాయేమో మీ ఇంటి పెద్దలనడిగి తెలుసుకొని రాయండి.